తక్రీర్ బాగుంది, మరి సిన్నా సంగతి?

తక్రీర్ బాగుండడం వేరు, అందులో సచ్చాయి ఉండడం వేరు. ఈ ఫరక్ మరిచిన మజ్మా ఎంత ఖతర్నాకో షేక్‌స్పియర్ 1599 ప్రాంతంలో రాసిన ‘జూలియస్ సీజర్’ నాటకంలో కనబడుతుంది.

సీజర్‌ను చంపిన సాజిష్‌లో బ్రూటస్ ఉన్నాడు. జనాజా దగ్గర ముందు తనే మాట్లాడాడు. సీజర్‌కు గద్దె లాలచ్ పుట్టింది, రోమ్ ఆజాదీ కోసం చంపామన్నాడు. మజ్మా వాహ్వా అంది. తర్వాత సీజర్ దోస్త్ ఆంటోనీని మాట్లాడనిచ్చాడు. పెట్టిన షర్తుల్లో ఒకటి: మమ్మల్ని నిందించొద్దు.

పైకి ఆంటోనీ షర్త్ తప్పలేదు. చంపినవాళ్లు షరీఫ్ మనుషులేనని మళ్లీ మళ్లీ అన్నాడు. అన్నకొద్దీ ఆ లఫ్జ్ తిట్టయిపోయింది. సీజర్ కిరీటాన్ని మూడుసార్లు వద్దన్న సంగతి గుర్తుచేసి, అది లాలచేనా అని అడిగాడు. జవాబు మజ్మాకే వదిలేశాడు. వసీయత్ చూపించి, చదవనన్నాడు. చదవాల్సిందేనని వాళ్లు అరిచేదాకా ఊరించాడు. సీజర్ వస్త్రం చూపించి ఏ చిరుగు ఎవరి కత్తిదో చెప్పాడు. పొడిచినప్పుడు తను అక్కడ లేడు! నీకెలా తెలుసని ఒక్కరూ అడగలేదు.

పత్రికల్లో పనిచేస్తూ ఎన్నో జల్సాల తక్రీర్లు రాసుకున్నవాణ్ణి. నేననేది ఒకటే: పిల్లలకు ఈ తక్రీర్ చెప్పండి, కానీ అక్కడే ఆపకండి. తర్వాతి రెండు సీన్లూ చదివించండి.

మొదటి సీన్‌లో మజ్మాకు సిన్నా అనే షాయర్ దొరుకుతాడు. సాజిష్‌లో ఉన్న సిన్నా వేరే మనిషి. ఆ మాట చెప్పుకున్నా వినలేదు. పేరు చాలన్నారు, మీద పడ్డారు. రెండో సీన్‌లో ఆంటోనీ, ఎవరెవరిని చంపాలో తేల్చుకుంటూనే ఆ వసీయత్‌లోని ఖర్చు ఎలా తగ్గించాలా అని చూస్తాడు. మనిషికి 75 ద్రాక్మాలు అని జనానికి చదివి వినిపించిన వసీయతే అది.

సీజర్ మీద జరిగింది జుల్మ్ కాదా అంటారేమో. జుల్మే. అయితే మాత్రం, మజ్లూమ్ పేరు చెప్పి సిన్నాను చంపే హక్ ఎవరిచ్చారు?

పేరు అడిగి కొట్టడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే జజ్బాతీ తక్రీర్ మన స్టేజీ మీద మనవాడే చేసినా, చప్పట్లకు ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇతను కళ్లారా చూసిందెంత? తను అనకుండా నాచేత అనిపిస్తున్నదేమిటి?