కొట్టివేసిన ధర

న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌బరీ కామన్ అవుట్‌లెట్లకు మనవాళ్ళు చుట్టాలను వెంటబెట్టుకుని తీర్థయాత్రలా వెళుతుంటారు. 400 డాలర్ల చేతిసంచీ 150కే దొరికిందని మురిసిపోతారు. నేనడిగేది ఒక్కటే: ఆ 400కు దానిని ఎవరైనా, ఎప్పుడైనా కొన్నారా?

అమ్ముడుపోక మిగిలిన సరుకే అక్కడికి వస్తుందన్నది పాతమాట. చాలా కంపెనీలు అవుట్‌లెట్ల కోసమే వేరుగా, చౌకరకంగా తయారుచేయిస్తున్నాయి. మరెక్కడా అమ్మని వస్తువుకు 'అసలు ధర' ఎక్కడినుంచి వచ్చింది? 2014లో నలుగురు అమెరికా కాంగ్రెస్ సభ్యులు ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ను విచారణ కోరింది ఈ విషయంలోనే.

పేరున్న సరుకు కొనడం తప్పని నేననను. లేని ధరను కొట్టివేసి, దానిని తగ్గింపు అనడం మాత్రం వర్తకం కాదు, వంచన. మిత్రులారా, చీటీమీది అంకెను కాదు, తోలునూ కుట్టునూ చూసి బేరం తేల్చుకోండి.