కెమెరా ఎంత ఎత్తున నిలవాలి?

డిగ్రీ విద్యార్థి ప్రాజెక్టు అంటే ఒకప్పుడు ముప్పై పేజీల నివేదిక, నాలుగు ఫొటోలు, స్పైరల్ బైండింగ్. ఇప్పుడు మన రాష్ట్రంలో సమాజసేవా ప్రాజెక్టు డిగ్రీ చదువులో భాగమైంది. పిల్లలు వీధులలోకి వెళ్లి ప్రజల జీవనాన్ని దగ్గరగా చూడవలసి వస్తోంది. చూసినదాన్ని రాయడానికి బదులు వీడియోగా తీసి ఇస్తామని ఉబలాటపడేవారూ పెరుగుతున్నారు. ఫోను చేతిలోనే ఉంది, ఎడిటింగ్ యాప్ ఉచితంగా దొరుకుతోంది. ఇక నగరి వంటి ఊరిలో విషయం కోసం వెతుక్కోవలసిన పని లేదు. ఇల్లు దాటితే మరమగ్గం చప్పుడు, ఊరు దాటితే కుశస్థలి. అటువంటి పిల్లల కోసం ఈ నెల శీర్షికను కేటాయిస్తున్నాము. వారి తల్లిదండ్రులు కూడా దీన్ని చదవాలని మా కోరిక. ఎందుకో చివర చెబుతాము.

ఏ మీట నొక్కితే ఏమవుతుందో యాప్ రెండు గంటలలో నేర్పిస్తుంది. కెమెరాను ఎక్కడ నిలపాలో, మాటను ఎక్కడ కత్తిరించాలో మాత్రం యాప్ చెప్పదు. ఆ పాఠాన్ని మనకంటే ముందు నేర్చుకున్నవారు తెలంగాణలో ఉన్నారు. వారిలో అనేకులు బడి ముఖం చూడని స్త్రీలు.

జహీరాబాద్ సమీపాన పస్తాపూర్ అనే గ్రామం ఉంది. ఒకప్పుడది మెదక్ జిల్లాలోది, నేడు సంగారెడ్డి జిల్లాలోది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పేద దళిత మహిళా రైతుల సంఘాలతో చిరుధాన్యాల సాగు మీద పనిచేస్తూ వచ్చింది. సంస్థను నడిపించిన పి.వి.సతీష్ అంతకు మునుపు దూరదర్శన్‌లో పనిచేసినవారు. 2023 మార్చిలో మరణించారు. టెలివిజన్ వారు వచ్చి తమ గురించి ఏదో తీసుకుని పోవడమే గాని, తమ మాటను తామే చెప్పుకునే వీలు ఆ మహిళలకు లేకపోయింది. అందువల్ల 1990ల చివరలో వారికే కెమెరా పట్టడం నేర్పారు. 2001లో అది కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా రూపుదిద్దుకుంది. పొలం పనులు చేసుకుంటూనే కెమెరా పట్టిన హుమ్నాపూర్ లక్ష్మమ్మ వంటి మహిళల పేర్లు అలా లోకానికి తెలిశాయి.

ఆ శిక్షణలో నుండి పుట్టిన ఒక పదజాలం మాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. సినిమా పుస్తకాలు హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అని చెప్పే మూడింటికి ఆ మహిళలు తమ అనుభవంలో నుండే పేర్లు పెట్టుకున్నారు. కెమెరా పై నుండి కిందికి చూస్తే అది పటేల్ షాట్. భూస్వామి మంచం మీద కూర్చుని నేల మీది కూలీని చూసే చూపు అది. కింద నుండి పైకి చూసేది బానిస చూపు. ఎదుటి మనిషి కళ్లకు సమానమైన ఎత్తులో కెమెరా నిలిస్తే అది సంఘం షాట్. ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. తమ చిత్రాలకు వారు ఎంచుకున్నది ఈ మూడవదాన్నే. ఫిల్మ్ స్కూళ్లలో ఎన్నో గంటలు బోధించే సంగతి ఆ పేర్లలో ఇమిడిపోయింది.

నగరిలో ఇది ఎలా ఎదురవుతుందో చూడండి. మగ్గం నడిపేవాడు నిలబడి ఉంటాడు గనుక చిక్కు లేదు. కాని ఇంటి వసారాలో నేల మీద కూర్చుని కండెలు చుట్టే అమ్మను తీయాలంటే విద్యార్థి ఏమి చేస్తాడు? నిలబడినవాడు నిలబడినట్లే ఫోను ఎత్తి తీస్తాడు. తనకు తెలియకుండానే పటేల్ షాట్ తీస్తాడు. ఆమె నెత్తి, వంగిన మెడ, చిన్నదైపోయిన ఆకారం తెర మీద పడతాయి. ఆమె నోటి వెంట ఎంత గట్టి మాట వచ్చినా చూసేవారికి జాలి తప్ప మరొకటి కలగదు. కింద కూర్చోండి. ఆమె కళ్ల ఎత్తుకు ఫోనును దించండి. ట్రైపాడ్ లేకపోతే బోర్లించిన బిందె చాలు.

ఇక సాంకేతిక విషయాలు. మగ్గాల షెడ్డులో మొదటి శత్రువు వెలుతురు. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలతో నడుస్తుంది. ట్యూబులైటు, కొన్ని ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి అది తెలియదు. ఫోను సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. ఈ రెండు లెక్కలూ కలవక తెర మీద నల్లని చారలు పాకుతుంటాయి. ఫోనులో ప్రో మోడ్ ఉంటే ఫ్రేములను 25కు, షట్టరును సెకనులో 50వ వంతుకు మార్చుకోవాలి. అలా మార్చే వీలు లేకపోతే కిటికీ పక్క మగ్గాన్ని ఎంచుకుని పగటి వెలుతురులో తీయడం మేలు.

రెండవ శత్రువు శబ్దం. అది మరీ మొండిది. మరమగ్గాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెళ్లు దాటుతుంది. పక్కన నిలబడినవాడి మాటే వినిపించని చోట ఫోను మైకుకు ఏమి వినిపిస్తుంది? కనుక షెడ్డులో ఇంటర్వ్యూ పెట్టుకోకూడదు. పని ముగిశాక, లేదా టీ తాగే వేళ, బయట చెట్టు కింద మాట్లాడించాలి. మైకు కొనే స్తోమత లేకపోతే మరో ఫోనులో రికార్డరు ఆన్ చేసి ఆయన చొక్కా జేబులో ఉంచండి. మొదట ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్ వేళ ఆ చప్పట్ల శబ్దాన్ని గుర్తుగా పెట్టుకుని దృశ్యాన్నీ మాటనూ కలుపుకోవచ్చు. మగ్గం శబ్దాన్ని వేరుగా, ఏ మాటలూ లేకుండా, ఒక నిమిషం పాటు రికార్డు చేసుకోండి. కరెంటు పోయిన క్షణం మీరు అక్కడే ఉంటే కెమెరా ఆపవద్దు. వరుసగా మగ్గాలు ఆగి షెడ్డు మూగబోవడం, ఆ నిశ్శబ్దంలో పనివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, కూలి నష్టం గురించి మీరు రాసుకున్న రెండు పేజీల వ్యాఖ్యానం కంటే ఎక్కువ చెబుతాయి.

ప్రతి షాటును కనీసం పది సెకన్లు కదలకుండా పట్టుకోవాలి. ముందు షెడ్డు మొత్తం కనిపించేలా ఒకటి, తర్వాత మనిషి నడుము నుండి పైకి ఒకటి, ఆపైన చేతులు, తెగిన పోగు, పడుగు మధ్య పరుగెత్తే నాడె. ఈ దగ్గరి షాట్లు ఎన్ని ఉంటే ఎడిటింగ్‌లో అంత సుఖం. విషాద వయొలిన్ సంగీతం మాత్రం దయచేసి వద్దు. నేతగాడి ముఖం కనిపించగానే ఇంటర్నెట్టులో దొరికిన వయొలిన్ ముక్కను అతికించడం ఒక అంటువ్యాధిగా మారింది. మగ్గానికి దాని తాళం దానికి ఉండనే ఉంది.

దగ్గరి షాట్లు సుఖమన్నాము. ఆ సుఖంలోనే ఒక ప్రమాదం పొంచి ఉంది. ఒక మనిషి మాటను మధ్యలో కత్తిరిస్తే ముఖం ఉలిక్కిపడినట్లు కనిపిస్తుంది. ఆ అతుకును కప్పడానికి అక్కడ చేతుల షాటునో, నాడె షాటునో వేస్తారు. మాట ఆగకుండా సాగినట్లే ఉంటుంది. ఇది తప్పు కాదు, అందరూ చేసేదే. కాని ఒక నేత కార్మికుడు ఇలా అన్నాడనుకోండి: ‘యజమాని దగ్గర బాకీ పడ్డాను, ఆరు నెలలు నిద్రలేదు, అయితే ఆయన ఒక్క మాట అనలేదు, మెల్లగా తీర్చుకున్నాను.’ విద్యార్థికి చిత్రం చిన్నది కావాలి. మొదటి రెండు ముక్కలు ఉంచి, మిగతావి తీసివేసి, పైన తెగిన పోగు షాటు వేశాడు. ఒక్క అబద్ధపు మాట కూడా చేర్చలేదు. అయినా ఆ నేతగాడు రేపు అదే షెడ్డుకు పనికి వెళ్లవలసినవాడు. యజమాని కొడుకు ఆ వీడియోను తన ఫోనులో చూసి ఉంటాడు.

మనిషి మనల్ని నమ్మి చెప్పిన మాట మన దగ్గర అమానత్, అంటే అప్పగింత. వస్తువును అప్పగించినవాడు దానిని ఉన్నదున్నట్లు తిరిగి కోరే హక్కు కలవాడు. ఈ సంగతి మన ఇళ్లలో పిల్లలకు చిన్నప్పటి నుండి చెబుతూనే ఉంటాము. టైమ్‌లైన్ మీద ఉన్న క్లిప్పుకు కూడా అదే వర్తిస్తుందని మాత్రం ప్రత్యేకించి చెప్పవలసి వస్తోంది.

కోత మాత్రమే కాదు, పక్కపక్కన చేర్చడం కూడా అర్థాన్ని మార్చివేస్తుంది. దాదాపు నూరేళ్ల క్రితం రష్యాలో లెవ్ కులేషోవ్ అనే చలనచిత్ర ఉపాధ్యాయుడు ఒక ప్రయోగం చేశాడు. మొజుఖిన్ అనే నటుడి ముఖంలో ఏ భావమూ లేని ఒకే షాటును తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నెను, ఒకసారి శవపేటికను, ఒకసారి ఒక స్త్రీని చేర్చాడు. చూసినవారు ఆ ముఖంలో ఆకలిని, దుఃఖాన్ని, కోరికను చూశామన్నారని చెబుతారు. నటుడు మాత్రం ఏమీ నటించలేదు.

ఇప్పుడు కుశస్థలి ఒడ్డుకు రండి. నగరి, పుత్తూరు ప్రాంతంలో బట్టకు రంగులు అద్దే షెడ్ల నుండి వచ్చే మురుగు వాగులలోనూ ఏటిలోనూ కలుస్తోందన్నది పాత ఫిర్యాదు. ఆ నీరు సరిహద్దు దాటి తమిళనాడులోకి పోతుంది. విద్యార్థి దీనిని ఎంచుకుంటే మేము సంతోషిస్తాము, ఊరికి ఇంతకంటే అవసరమైన విషయం మరొకటి లేదు. అతడు ఏటిలో ఎర్రని నీరు తీశాడు. వెంటనే తిరుగు దారిలో కనిపించిన ఒక అద్దకం షెడ్డు తలుపు తీశాడు. ఎడిటింగ్‌లో రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. ఫలానా షెడ్డు నీటిని పాడుచేస్తోందని వ్యాఖ్యానంలో ఎక్కడా అనలేదు. అనకపోయినా అన్నట్లే. ఆ షెడ్డు ఏడాదిగా మూతబడి ఉండవచ్చు. ఆ నీరు మరో కాలువ నుండి వచ్చి ఉండవచ్చు. నిజంగా అదే షెడ్డుదైతే, నీరు బయటకు వచ్చే గొట్టం నుండి ఏటి వరకు కెమెరాతో నడిచి చూపాలి. అది కష్టమైన పని. ఒక్కరోజులో తేలదు. యజమాని ఏమంటాడో, అక్కడ పనిచేసే కూలీ చేతులు ఏ రంగులో ఉన్నాయో, శుద్ధి యంత్రం పెట్టడానికి ఎంత ఖర్చవుతుందో, అవి కూడా రావాలి. తరగతిలో సగం మంది పిల్లల ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ షెడ్ల కూలితోనే అయి ఉండవచ్చు కదా.

పస్తాపూర్ మహిళలు ఈ కష్టాన్ని తప్పించుకోలేదు. 2002లో ప్రభుత్వం బీటీ పత్తి విత్తనానికి అనుమతి ఇచ్చింది. ఆ విత్తనం వేసిన వరంగల్ రైతుల దగ్గరకు వారు కెమెరాతో వెళ్లారు. ఒకసారి వెళ్లి ఏడుస్తున్న రైతును తీసుకుని రాలేదు. పంట కాలమంతా అవే పొలాలకు మళ్లీ మళ్లీ వెళ్లారు. మొక్క ఎదుగుతున్నప్పుడు రైతుకు ఉన్న ఆశను, పంట చేతికి వచ్చే వేళకు అతడికి మిగిలిన కోపాన్ని వరుసగా నమోదు చేశారు. 2003లో వెలువడిన ఆ చిత్రం ఇతర భాషలలోకి వెళ్లింది, ఇతర దేశాలలో ప్రదర్శితమైంది. బీటీ పత్తి గురించి వారి అభిప్రాయంతో విభేదించేవారు ఉన్నారు, ఉండవచ్చు. కాని ఆ చిత్రానికి జవాబు చెప్పదలచినవారు కూడా ఒక పంట కాలం పొలంలో నిలబడవలసిందే.

ఇక తల్లిదండ్రుల సంగతి. అబ్బాయి కెమెరాతో తిరిగితే మనకు అభ్యంతరం ఉండదు. అమ్మాయి అడిగితే ఇంట్లో చర్చ మొదలవుతుంది. భద్రత గురించిన ఆందోళన సహజమే. కాలేజీ నుండి పరిచయ పత్రం, తోడుగా మరో ఇద్దరు అమ్మాయిలు, వెళ్లే చోటు ముందుగా తెలియజేయడం, చీకటి పడకముందే తిరిగి రావడం, ఈ ఏర్పాట్లతో ఆ ఆందోళన చాలావరకు తీరుతుంది. మరొక వైపు నుండి కూడా ఆలోచించండి. కండెలు చుట్టే పని ఎక్కువగా స్త్రీలది, అదీ ఇళ్ల లోపల. ఆ గడప లోపలికి పరాయి అబ్బాయి కెమెరాతో వెళ్లలేడు, వెళ్లినా ఆ అమ్మ నోరు విప్పదు. నగరిలో ఒకే వీధిలో తెలుగు, తమిళం, ఉర్దూ వినిపిస్తాయి. ఉర్దూ తెలిసిన మన అమ్మాయి వెళ్లి కూర్చుంటే, రోజుకు ఎన్ని కండెలు, చేతికి వచ్చేదెంత, భుజం నొప్పికి ఏ మాత్ర, అన్నీ ఆమెకు వినిపిస్తాయి. మీ అమ్మాయి వెళ్లకపోతే ఆ సగం చిత్రం ఎవరూ తీయరు.

ఈ విద్యలో పైచదువులు కోరేవారికి దారులున్నాయి. తిరుపతిలో 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలోనే చదువుకోవచ్చు. ఢిల్లీలోని జామియా మిల్లియాలో 1982 నుండి నడుస్తున్న మాస్ కమ్యూనికేషన్ కేంద్రానికి దేశమంతటా పేరుంది.

ఒక పని మిగిలింది. చిత్రం పూర్తయ్యాక కాలేజీకి ఇవ్వడానికి ముందు, అందులో కనిపించినవారికి చూపించండి. అనుమతి అంటే మొదటి రోజు ‘తీసుకోండి బాబూ’ అన్న మాట ఒక్కటే కాదు. తెర మీద తనను తాను చూసుకున్నాక మనిషికి వేరే ఆలోచన రావచ్చు. వసారాలోని అమ్మ తన గురించి చెప్పిన మాటలన్నీ ఉంచమని, వెనుక గోడకు కనిపించే పగులును మాత్రం తీసివేయమని అడగవచ్చు. కూతురికి సంబంధాలు చూస్తున్నారేమో. ఆ షాటు మీకు ఎంతో నచ్చినదే కావచ్చు, తీసివేయండి. చిత్రం నలభై సెకన్లు తగ్గుతుంది. తర్వాత ఒక కాపీని పెన్‌డ్రైవులో వేసి వారి ఇంట ఇచ్చి రండి, టీవీకి తగిలించుకుని చుట్టాలు వచ్చినప్పుడల్లా చూసుకుంటారు.