లావక్షరాలన్నీ శీర్షికలు కావు

“ముందు రాసెయ్యండి సార్, హెడింగుల సంగతి తర్వాత మాక్రో చూసుకుంటుంది.” శంషాబాద్ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల డాక్యుమెంట్ల పని చేసేవాళ్ల నోట ఈ మాట నేను వినని వారం లేదు. మాక్రో అంటే వర్డ్‌లో ఒక పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాం. దాని మీద హెడింగులు వదిలెయ్యడం తప్పు మాట, ప్రమాదకరమైన మాట.

2008లో విమానాశ్రయం వచ్చాక, శంషాబాద్ విమానాలకు మరమ్మతులు చేసే ఊరు కూడా అయింది. మరమ్మతు కేంద్రానికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం కావాలంటే తన పద్ధతులన్నీ ఒక ఎక్స్‌పొజిషన్‌గా రాసివ్వాలి. దాని వరుస ముందే ఖాయం: ఒకటో భాగం యాజమాన్యం, రెండోది మెయింటెనెన్స్ విధానాలు, మూడోది క్వాలిటీ. విమానం మాన్యువల్‌ల అధ్యాయాలూ అంతే: అమెరికా ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ అసోసియేషన్ 1956లో తెచ్చిన అంకెల వరుసలో 32 అంటే ఏ దేశంలోనైనా ల్యాండింగ్ గేరే. ఈ రంగంలో అంకె తప్పితే దారి తప్పినట్టే.

ఒకచోట కళ్లారా చూశాను. పేరా మొత్తం బోల్డ్‌లో, 14 పాయింట్లలో ఉంటే హెడింగ్ 2 చెయ్యమని మాక్రో. ఎఫ్5 నొక్కగానే పుస్తకమంతా మారిపోయింది, అందరూ మెచ్చుకున్నారు. తీరా చూస్తే, “హెచ్చరిక: హైడ్రాలిక్ ప్రెషర్ తీసేశాకే ముట్టుకోవాలి” అన్న లైను 2.9 అయి కూర్చుంది. అసలు 2.9 కాస్తా 2.10కి జరిగింది. “2.9 చూడండి” అని చేత్తో టైపు చేసిన చోటల్లా మెకానిక్ తప్పు పేజీకి వెళ్తాడు. ఆ లైను ఎందుకు లావుగా ఉందో రాసినవాడికి తెలుసు. మాక్రోకు ఎలా తెలుస్తుంది?

వర్డ్‌లో శీర్షికలకు తొమ్మిది స్థాయులు, పదోది మామూలు పాఠం. స్థాయి అంటే ఏది దేని కింద ఉందో చెప్పడం, అది రచయిత నిర్ణయం. చూపు లేని ఉద్యోగికి స్క్రీన్ రీడర్ శీర్షికగా చెప్పేది ఆ స్థాయి ఉన్న పేరానే. ఉత్త బోల్డ్‌తో అతనికి దారి దొరకదు.

మాక్రోలు వద్దనడం లేదు, నేనూ రోజూ రాస్తాను. మాక్రోతో ప్రతి పేరా స్థాయిని, అంటే అవుట్‌లైన్ లెవల్‌ని, చదివించండి. ఒకటి నుంచి నేరుగా మూడుకు దూకినచోట పసుపు రంగు వేయించండి. దిద్దడం మాత్రం మనిషికే వదలండి.

టైము లేదంటారా? రేపు మొదటి శీర్షిక టైపు చేశాక బోల్డ్ జోలికి పోకండి. కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కండి, అది హెడింగ్ 1 అవుతుంది.