వెలుగుతో అచ్చయ్యే మాత్ర: బాధ్యత ఎవరిది?

పెద్దవాళ్ల కోసం తయారైన మాత్రను సగానికో, పావుకో విరిచి పిల్లలకు వేయడం మన ఇళ్లలో మామూలే. చేత్తో విరిచిన ముక్కలు సమానంగా ఉండవు. జ్వరం మాత్రతో పెద్ద ఇబ్బంది రాకపోవచ్చు. మూర్ఛకో, గుండెజబ్బుకో వాడే మందైతే ఆ కొద్ది తేడా కూడా ప్రమాదమే. ఫ్యాక్టరీలు ఎక్కువగా అమ్ముడయ్యే కొన్ని మోతాదులనే లక్షల్లో తయారు చేస్తాయి. రోగుల అవసరాలు మాత్రం ఆ నాలుగు అంకెల్లో ఇమడవు.

ఈ వెలితిని తీరుస్తానంటూ వచ్చింది త్రీడీ ప్రింటింగ్. 2015లో అమెరికా ఎఫ్‌డీఏ ‘స్ప్రిటామ్’ అనే మూర్ఛ మందుకు అనుమతి ఇచ్చింది. త్రీడీ ప్రింటింగ్‌తో తయారై అక్కడ ఆమోదం పొందిన తొలి మాత్ర అదే. అయితే అది పొడి పొరలను ద్రవంతో అతికించే పద్ధతి. పైగా ముందే నిర్ణయించిన మోతాదుల్లో ఫ్యాక్టరీలో తయారయ్యే సరకు.

కాంతితో ముద్రించే పద్ధతి వేరు. కాంతి సోకితే గట్టిపడే ద్రవ రెజిన్‌లో మందు కలుపుతారు. కంప్యూటర్ చెప్పిన చోటే కాంతి పడుతుంది, అక్కడే మాత్ర రూపుకడుతుంది. సైజు మారిస్తే మోతాదు మారుతుంది. ఆకారం మారిస్తే మందు కరిగే వేగం మారుతుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లోనే ఇలా పారాసెటమాల్ మాత్రలు చేసి చూపించారు. పొరలు పేర్చే పని లేకుండా, మాత్ర మొత్తాన్ని ఒకేసారి గట్టిపరిచే పద్ధతిని 2022లో వెల్లడించారు. ఒక్కో మాత్రకు పట్టిన సమయం 7 నుంచి 17 సెకన్లే.

వేగం సమస్య తీరినట్టే. అసలు చిక్కు రసాయనంలో ఉంది. రక్తపోటుకు వాడే నాలుగు మందులను ఒకే మాత్రలో ముద్రించే ప్రయోగం 2020లో జరిగింది. అందులో ఒకటి మన బీపీ రోగులకు బాగా తెలిసిన అమ్లోడిపిన్. అది రెజిన్‌తోనే రసాయన చర్య జరిపింది. మాత్ర చూడటానికి బాగానే ఉన్నా లోపలి మందు మారిపోయిందన్నమాట. గట్టిపడకుండా మిగిలిన రెజిన్ కడుపులోకి వెళ్తే ఏమిటన్నది మరో ప్రశ్న. కాంతికి చెడిపోయే మందులూ ఉన్నాయి.

ఇక చట్టం సంగతి. ఫ్యాక్టరీ మాత్రల్లో కొన్నింటిని కరిగించి పరీక్షించి, బ్యాచ్ మొత్తాన్ని విడుదల చేస్తారు. ఒక్క రోగి కోసం ముద్రించిన పది మాత్రల్లో ఎన్నింటిని కరిగించాలి? మాత్రను పాడుచేయకుండా పరీక్షించే పరికరాలు ప్రింటర్‌తో పాటే ఉండాలి. పొరపాటు జరిగితే జవాబు చెప్పాల్సింది డాక్టరా, ఫార్మసిస్టా, యంత్రం అమ్మినవాడా? రోగి దగ్గరే మందు తయారు చేయడానికి బ్రిటన్ ప్రత్యేక నిబంధనలు తెచ్చి 2025 జులై నుంచి అమలు చేస్తోంది. తయారీ ఎన్నిచోట్ల జరిగినా, లైసెన్సు ఉన్న ఒక నియంత్రణ కేంద్రం వాటన్నిటికీ బాధ్యత వహించాలి.

మన 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మాత్రం లైసెన్సు పొందిన ఫ్యాక్టరీ, బ్యాచ్ నంబరు అన్న లెక్కతోనే నడుస్తుంది. ఆ లెక్కలోనూ లోపాలు బయటపడ్డాయి. గాంబియాలో పిల్లల మరణాల నేపథ్యంలో 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో తయారైన నాలుగు సిరప్‌లపై హెచ్చరిక జారీ చేసింది. ఫ్యాక్టరీలపైనే పట్టు బిగించలేని వ్యవస్థ ఆస్పత్రికో ప్రింటర్‌ను ఎలా పర్యవేక్షిస్తుంది?

అలాగని తలుపు మూసేయనక్కర్లేదు. చవక జనరిక్ మాత్రలతో ప్రింటర్ పోటీ పడలేదు, పడాల్సిన అవసరమూ లేదు. పిల్లలకు సరైన మోతాదులో దొరకని మందులు, అరుదైన జబ్బుల మందులు దాని అసలు చోటు. పరీక్షించే సత్తా ఉన్న కొద్ది పెద్ద ఆస్పత్రుల్లో మొదలుపెట్టవచ్చు. మందుల పరిశ్రమకు పేరొందిన హైదరాబాద్, సురక్షితమైన రెజిన్ల తయారీపై దృష్టి పెట్టవచ్చు. కానీ బాధ్యత ఎవరిదో తేల్చే నిబంధన ముందు రావాలి, యంత్రం తర్వాత. లేకపోతే సగం విరిచిన మాత్ర దగ్గర ఉన్న అనిశ్చితే కొత్త రూపంలో మళ్లీ మన చేతికొస్తుంది.