తుడిచివేసిన చిహ్నములు

18వ శతాబ్దమున ఇంగ్లండులోని సంపన్నుల యిండ్లలో పానపాత్రలను అతిథుల కందించుటకు సాల్వరు అను వెండి పళ్లెరము వాడుకలో నుండెడిది. దాని నడుమ గృహస్థుని వంశచిహ్నమును చెక్కించుట ఆచారము. కాలక్రమమున పళ్లెరములు చేతులు మారినవి. క్రొత్తగా కొన్నవారిలో పలువురు పాత చిహ్నమును అరగదీయించి, తమ చిహ్నమును చెక్కించుకొనిరి. కొందరు నునుపుగా వదలిరి. డబ్బిచ్చి కొన్నవాడు పరుల చిహ్నమును తన యింట నేల భరింపవలెనని వారి వాదము. వినుటకిది న్యాయముగనే తోచును. కాని ఆ చెక్కడము వట్టి యలంకారము కాదు, చదువదగిన వ్రాత.

వెండిపై రంగులు లేకున్నను డాలులోని వర్ణములను గీతలే తెలుపును. 1638లో సిల్వెస్టర్ పెట్రా సాంక్టా ప్రకటించిన గ్రంథము వలన ఈ సంకేతములు వ్యాప్తి చెందినవి. చుక్కలు బంగారు వన్నెకు, నిలువు గీతలు ఎరుపునకు, అడ్డగీతలు నీలమునకు గుర్తులు. డాలు నిలువున రెండు భాగములైనచో సాధారణముగా ఒకవైపు భర్త వంశము, రెండవవైపు భార్య పుట్టినిల్లు. వితంతువునకును, అవివాహితకును డాలునకు బదులు వజ్రాకారపు ఫలకము.

పళ్లెరముపై కొట్టిన చిన్న ముద్రలు వెండి నాణ్యమును, పరీక్షించిన నగరమును, సంవత్సరమును తెలుపును. అది ఏ యింటిదో, ఏ వివాహమునకు గుర్తో అవి తెలుపజాలవు.

1727లో మొదటి జార్జి మరణింపగా, ఆయన కాలపు ఖజానా ముద్ర పనికిరానిదయ్యెను. ఆచారము ననుసరించి ఆ వెండి ఆర్థికమంత్రి రాబర్టు వాల్పోలునకు దక్కెను. 1728–29లో పాల్ డి లామెరీ దానితో పళ్లెరము చేసెను. ఆ ముద్ర రెండు ముఖములును దానిపై చెక్కబడినవి. నేడది లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది. ఎవరేని దానిని నునుపు చేయించియుండినచో, తన పుట్టుకను తానే చెప్పు ఆ సాక్ష్యము నశించియుండెడిది.

ధనికుల డంబమును కాపాడుట యేలయని కొంద రడుగవచ్చును. డంబమును చరిత్రలో భాగమే. అంతకన్న ముఖ్యమైనది వేరొకటి కలదు. పళ్లెరము చేసినవానికి ముద్ర యున్నది. చేయించినవానికి చిహ్న మున్నది. చెక్కినవాని పేరు మాత్రము సాధారణముగా నెచ్చటను కానరాదు. వాల్పోలు పళ్లెరముపై పనితనమును విలియం హోగార్తుదని పండితులు ఊహించుటకు ఆ గీతలే ఆధారము. చిహ్నమును తుడిచినవాడు ప్రభువు పేరుతోపాటు ఆ పనివాని యేకైక గుర్తును గూడ తుడుచుచున్నాడు.

పళ్లెరమును కొన్నవాడు వెండికి యజమాని. దానిపై వ్రాతకు కేవలము సంరక్షకుడు.