స్కోరు రాయని ఆట

మా చెల్లెలు కుటుంబంతో డబ్లిన్‌లో ఉంటుంది. రెండేళ్ల క్రితం సెలవు పెట్టి పది రోజులు వాళ్లింటికి వెళ్లాను. శనివారం పొద్దున తొమ్మిది గంటలు. బయట సన్నగా వాన పడుతోంది. మన దగ్గరైతే అలాంటి వానలో పిల్లల్ని గుమ్మం దాటనివ్వం. తొమ్మిదేళ్ల మా మేనల్లుడు మాత్రం హెల్మెట్ తగిలించుకుని, చివర వెడల్పుగా ఉన్న ఒక కర్ర పట్టుకుని ఆటకు సిద్ధమైపోయాడు. ఆ కర్రను హర్లీ అంటారు. ఆ ఆట పేరు హర్లింగ్. ఐర్లండ్ వాళ్ల సొంత ఆట.

మైదానం చుట్టూ అమ్మానాన్నలు గొడుగుల కింద ఫ్లాస్కుల్లో టీ తాగుతూ నిలబడ్డారు. పిల్లలు బురదలో పడుతూ లేస్తూ ఆడారు. అయిపోయాక మావాణ్ని అడిగాను, ‘ఎవరు గెలిచార్రా?’ అని. వాడు నన్ను వింతగా చూశాడు.

‘ఏమో మామయ్యా. మాకు స్కోరు రాయరు.’

చెల్లెలు నవ్వింది. ‘నాకూ మొదట్లో ఇదేం ఆట అనిపించింది అన్నయ్యా. గెలుపోటములు లేకపోతే ఎందుకు ఆడటం అనుకున్నాను. ఇప్పుడు శనివారం వస్తే వాడే నన్ను నిద్ర లేపుతున్నాడు’ అంది.

తిరిగి వచ్చి డ్యూటీలో చేరిన మొదటి వారంలోనే ఓపీకి ఒక తల్లి పదిహేనేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. అమ్మాయి బరువు ఎక్కువగా ఉంది. మెడ చుట్టూ నల్లటి పట్టీ. మురికి అనుకుని తల్లి నెలల తరబడి సున్నిపిండితో రుద్దించింది. అది మురికి కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని శరీరం ఇచ్చే సూచన. ‘ఆటలాడుతుందా?’ అని అడిగాను. ‘ఎనిమిదో తరగతి దాకా బాగానే ఆడేదండీ. స్కూలు టీమ్‌లో సెలెక్ట్ కాలేదు. ఇంక మానేసింది’ అంది తల్లి.

ఆ రెండు మాటలూ నాకు పక్కపక్కనే వినిపించాయి. ఆటను మనం పిల్లలకు పోటీగానే పరిచయం చేస్తున్నాం. ఎంపికైన పదకొండు మంది ఆడతారు, మిగతా వాళ్లు గట్టు మీద కూర్చుంటారు. డాక్టరుగా నా దిగులంతా ఆ గట్టు మీద కూర్చున్న పిల్లల గురించే. పదేళ్లకో ఇరవై ఏళ్లకో నా దగ్గరికి షుగరుతో, బీపీతో వచ్చేది ఎక్కువగా వాళ్లే.

పిల్లలందరికీ చోటు

ఐర్లండ్‌లో పెద్దల హర్లింగ్ మామూలు ఆట కాదు. జట్టుకు 15 మంది. యాష్ చెట్టు కలపతో చేసిన కర్ర. స్లిటర్ అనే చిన్న తోలు బంతి గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో దూసుకుపోతుంది. గోలుపోస్టు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటుంది. అడ్డకర్ర కిందుగా కొడితే గోల్, అంటే 3 పాయింట్లు. పైనుంచి పంపితే 1 పాయింటు. 2018లో యునెస్కో ఈ ఆటను, ఆడవాళ్లు ఆడే దీని రూపమైన కమోగీని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అంత తీవ్రమైన ఆటను చిన్నపిల్లల దగ్గరికి వచ్చేసరికి వాళ్లు పూర్తిగా మార్చేశారు. సుమారు 11, 12 ఏళ్ల దాకా పిల్లలు ఆడే పద్ధతిని గో గేమ్స్ అంటారు. జట్లు చిన్నవి, మైదానం చిన్నది. కప్పులుండవు, ఫైనల్స్ ఉండవు. వచ్చిన ప్రతి పిల్లవాడూ ఆట మొత్తం ఆడాలన్నది నియమం. బాగా ఆడేవాడిని ఉంచి, ఆడలేనివాడిని పక్కన కూర్చోబెట్టడం కుదరదు.

ఇందులో వైద్యపరంగా ఎంతో మేలు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలంటోంది. జట్టులో ప్రత్యామ్నాయ ఆటగాడిగా కూర్చున్న పిల్లవాడికి ఆ 60 నిమిషాల్లో పది కూడా దక్కవు. అంతకంటే పెద్ద నష్టం, ‘నాకు ఆటలు రావు’ అన్న ముద్ర మనసులో పడిపోవడం. నలభై ఏళ్లకు నేను వాకింగ్ రాసిచ్చినా ఆ ముద్రే అడ్డం వస్తుంది.

ఊరిదే ఆట

ఇదంతా ఒక్కరోజులో రాలేదు. 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో, ఒక హోటల్లో కొద్దిమంది సమావేశమై గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. వాళ్లలో ముందు నిలిచినవాడు మైకేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు. అప్పటికి ఐర్లండ్ బ్రిటిష్ పాలనలో ఉంది. తమ ఆటలు కనుమరుగవుతున్నాయన్న బాధతో మొదలైన ఆ సంఘం ఇవాళ దేశంలో దాదాపు ప్రతి ఊరికీ ఒక క్లబ్బుగా విస్తరించింది. మీరు ఏ ఊరి వారైతే ఆ ఊరి క్లబ్బుకే ఆడతారు.

ఈ ఆటల్లో దేశంలోకెల్లా పెద్ద ఆటగాడికి కూడా ఆడినందుకు జీతం ఉండదు. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో 82 వేల మంది ముందు ఫైనల్ ఆడినవాళ్లు మళ్లీ తమ ఉద్యోగాలకు వెళ్లిపోతారు. టీచర్లు, రైతులు, పోలీసులు, డాక్టర్లు ఉంటారు వాళ్లలో. 2015లో గేలిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎంపికైన జాక్ మెకాఫ్రీ అప్పుడు వైద్య విద్యార్థి. తర్వాత డాక్టరుగా పనిచేస్తూనే డబ్లిన్ జట్టుకు ఆడాడు. ‘చదువా, ఆటా?’ అని ఎవరో ఒకరు రోజూ నన్ను అడుగుతుంటారు. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

క్లబ్బు పిల్లలకే పరిమితం కాదు. మహిళల గేలిక్ ఫుట్‌బాల్ సంఘం తల్లుల కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమం నడుపుతోంది. ఎన్నడూ బంతి ముట్టని ఆడవాళ్లు కూడా వారానికోసారి వచ్చి సరదాగా ఆడతారు. పోటీ ఉండదు. పిల్లల్ని మైదానంలో దింపి కారులో కూర్చునే తల్లి తనే మైదానంలోకి దిగుతుందన్నమాట. మా చెల్లెలు కూడా చేరింది. ‘మొదటిరోజు ఐదు నిమిషాలకే ఆయాసం వచ్చింది అన్నయ్యా, అయినా పక్కనున్న వాళ్లు వదల్లేదు’ అని చెప్పింది. ఆ పక్కనున్న వాళ్లే అసలు మందు అని నేనంటాను.

వృద్ధుల సంగతీ వాళ్లు మరిచిపోలేదు. పెద్దవయసు మగవాళ్లు నలుగురు కలిసే కార్యక్రమాల్లో కనిపించడం లేదని అప్పటి దేశాధ్యక్షురాలు మేరీ మెకలీస్ గమనించి, వాళ్లను బయటికి తీసుకొచ్చే పని చేపట్టమని ఈ సంఘాన్ని కోరారు. చలికాలం సాయంత్రాల్లో అక్కడి ఊరి హాళ్లలో ‘ట్వంటీ ఫైవ్’ అనే పేకాట ఆడుకుంటారు. డబ్బు కోసం కాదు, నలుగురిలో ఉండటం కోసం. ఒంటరితనం రక్తపోటులా కొలిచి చూపించగలిగేది కాదు గానీ, గుండె మీదా జ్ఞాపకశక్తి మీదా దాని దెబ్బ గట్టిదే.

వణికే కాళ్లకు సంగీతం

ఐరిష్ వాళ్లకు సెట్ డ్యాన్స్ అనే సంప్రదాయం ఉంది. నాలుగు జంటలు చతురస్రంగా నిలబడి, సంగీతానికి తగ్గట్టు ముందుకు, వెనక్కి, పక్కకు అడుగులు వేస్తూ చోటు మారతారు. 2013లో ఇటలీలో కొందరు వైద్యులు 24 మంది పార్కిన్సన్స్ రోగులను తీసుకుని, సగం మందికి మామూలు ఫిజియోథెరపీ, సగం మందికి ఈ నాట్యం ఆరు నెలలపాటు నేర్పించారు. రెండు బృందాలూ మెరుగుపడ్డాయి. నడకలో, తూకంలో, నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడంలో నాట్యం నేర్చుకున్న వాళ్లకు ఇంకొంచెం ఎక్కువ మేలు కనిపించింది. తర్వాత ఐర్లండ్‌లోని లిమరిక్ విశ్వవిద్యాలయం కూడా దీనిపై పరిశోధన చేసింది.

24 మంది చాలా చిన్న సంఖ్య. దాన్ని పట్టుకుని మందులు మానేయమని ఎవరూ చెప్పకూడదు. అయితే ఈ జబ్బులో అడుగు వేయమని మెదడు లోపలినుంచి ఇవ్వాల్సిన లయ దెబ్బతింటుంది. బయటినుంచి తాళం అందితే కాలు కదులుతుంది. పార్కిన్సన్స్ ఉన్న మీ నాన్నగారు గడప దగ్గర ఆగిపోతే, పక్కన నిలబడి ‘ఒకటి, రెండు’ అని లెక్కపెట్టి చూడండి. లాగకండి, తోయకండి.

అక్కడా అంతా బాగాలేదు

ఇదంతా చదివి ఐర్లండ్ ఆరోగ్య స్వర్గమనుకోవద్దు. అక్కడ ప్రతి పదిమంది పెద్దల్లో సుమారు ఆరుగురు ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. పబ్బు అక్కడ ఊరి రచ్చబండ లాంటిది. పాట, కబుర్లు, మ్యాచ్ చూడటం, అన్నీ గ్లాసు చుట్టూనే తిరుగుతాయి. జాతీయ హర్లింగ్ పోటీలకే 1995 నుంచి చాలా ఏళ్లు ఒక బీరు కంపెనీ స్పాన్సరుగా ఉంది. ఒక పక్క ఆరోగ్యం, ఇంకో పక్క మద్యం ప్రచారం. మనకు తెలియని విడ్డూరమేమీ కాదు.

కానీ వాళ్లు తమ అలవాట్లను సరిదిద్దుకుంటున్నారు. 2004 మార్చి 29న పబ్బులతో సహా పనిచేసే చోట్లన్నింటిలో పొగ తాగడాన్ని నిషేధించారు. దేశమంతటా అలా చేసిన మొదటి దేశం అదే. పబ్బు మూతపడలేదు, పొగ మాత్రం బయటికి పోయింది. 2022 జనవరి నుంచి మద్యానికి కనీస ధర నిర్ణయించారు.

ఆట విషయంలోనూ అంతే. హర్లింగ్‌లో హెల్మెట్ పెట్టుకోవాలా వద్దా అన్నది దశాబ్దాలపాటు ఆటగాడి ఇష్టమే. పెట్టుకుంటే చూపు ఆనదని, ఆట అందం పోతుందని చాలామంది వద్దన్నారు. 2010 జనవరి 1 నుంచి అన్ని స్థాయుల్లో, ప్రాక్టీసులో కూడా తప్పనిసరి చేశారు. ఇప్పుడు హెల్మెట్ లేకుండా ఆడటాన్ని మా మేనల్లుడు ఊహించలేడు. వాడికి హర్లింగ్ అంటేనే కర్ర, బంతి, హెల్మెట్.

మన క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు ఈ మాట ఎందుకు చెబుతున్నానో తెలుసు. బైకు మీద తల పగిలి వచ్చిన కుర్రాడి ఇంట్లో అడిగితే హెల్మెట్ ఉందనే చెబుతారు. అది ట్యాంకు మీదో, అద్దానికో వేలాడుతూ ఉండి ఉంటుంది. పెట్టుకోవడం ఇష్టాయిష్టాల విషయంగా ఉన్నంతకాలం ఇంతే. మీ ఇంట్లో దాన్ని తాళంచెవి లాగా మార్చండి. అది లేకుండా బండి కదలకూడదు.

మీరు చేయగలిగింది

మనం హర్లింగ్ ఆడాల్సిన పనిలేదు. మనకు కబడ్డీ ఉంది, ఖోఖో ఉంది, ఏమీ లేకపోతే దొంగాట ఉంది. ఆట పేరు ఏదైనా, మూడు సంగతులు అడగదలచుకున్నాను.

పిల్లల్ని ఆటకు పంపితే, వచ్చాక ‘గెలిచావా?’ అని అడగకండి. ‘ఎంతసేపు ఆడావు?’ అని అడగండి. కోచింగ్ సెంటర్లో చేర్పిస్తే, మీవాడికి ప్రతిరోజూ ఆడే అవకాశం వస్తోందో లేదో చూసుకోండి. పది, ఇంటర్ సంవత్సరాల్లో కూడా సాయంత్రం గంట తీసేయకండి. ముఖ్యంగా ఆడపిల్లలకు.

మీ అపార్ట్‌మెంట్లో, కాలనీలో వారానికి ఒకరోజు, ఒక సమయం నిర్ణయించుకోండి. అమ్మలు, నాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు అందరూ కిందికి రావాలి. ఒంటరిగా నడవమని రాసిచ్చిన చీటీలు ఎన్ని నెలకే డ్రాయర్లోకి పోయాయో నాకు తెలుసు. ‘నిన్న రాలేదేం?’ అని అడిగే మనిషి ఉన్నప్పుడే నడక నిలబడుతుంది. పెద్దలకు వారానికి 150 నిమిషాలు లక్ష్యం. ముప్ఫై నిమిషాల చొప్పున ఐదు రోజులు చాలు.

మూడోది జాగ్రత్త. నలభై దాటి, షుగరో బీపీయో ఉండి, ఏళ్ల తరబడి కదలనివాళ్లు ఒక్కసారిగా పరుగు మొదలుపెట్టకండి. డాక్టరుకు చూపించుకుని నడకతో ప్రారంభించండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అక్కడే ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. షుగరు ఉన్నవాళ్లు చెప్పులు లేకుండా ఆడకండి. ఇంటికొచ్చాక పాదాలు చూసుకోండి.

ఓపీకి వచ్చిన ఆ అమ్మాయికి పరీక్షలు చేయించాం. షుగరు ఇంకా రాలేదు, దగ్గర్లో ఉంది. మందులకంటే ముందు తిండి, ఆట గురించి మాట్లాడుకున్నాం. సాయంత్రాలు తమ్ముడితో, పక్కింటి పిల్లలతో మేడ మీద షటిల్ ఆడతానంది. ‘బాగా రాదు సార్’ అని కూడా అంది. ‘రాకపోయినా పర్వాలేదమ్మా, స్కోరు మాత్రం రాయకండి’ అన్నాను. మూడు నెలలకు మళ్లీ వచ్చింది. బరువు మూడు కిలోలు తగ్గింది. తనతోపాటు వాళ్లమ్మ కూడా ఆడుతోందని చెప్పింది.