బడిలో చెప్పుకొనుటకొక చోటు



మాఘ ఫాల్గుణములు వచ్చినవనగా మన గుంటూరు, ఒంగోలు సీమలలో కల్లములన్నియు ఎర్రబారును. మిరపకాయ కోతకు ఇంటిల్లిపాదియు చేలకు పోవుదురు. సరిగా ఆ దినములలోనే పదవ తరగతి పిల్లలకును, ఇంటర్మీడియేటు పిల్లలకును పరీక్షలు దాపురించును. తండ్రి చూపు యార్డులోని ధరపైన, తల్లి చూపు కల్లముమీదికి వచ్చు మబ్బుపైన, బడి చూపు మార్కులపైన నిలుచును. పిల్ల ముఖము చూచువారెవరు? ఈ నెల మీతో ముచ్చటింపదలచిన సంగతి యిదియే.

బడులలో పిల్లల మనోవ్యథను విని దారి చూపు పనిని కౌన్సెలింగు అనుచున్నారు. ఈ మాట వినగానే మా పొరుగింటి అమ్మమ్మగారు "బడికి కౌన్సిలరెందుకే తల్లీ, మునిసిపాలిటీకి కదా వాళ్ళుండేది!" అనిరి. మరియొకామె "ఇంజనీరింగు సీట్లు పంచేదేగా" అనెను. రెండును కావు. ఇది ఉపదేశము కాదు, మందలింపును కాదు. పిల్ల చెప్పినది తుదివరకు విని, ఆమె కష్టము ఆమెకే తేటపడునట్లు చేసి, తాను చేయగల పనిని తానే కనుగొనుటకు తోడ్పడుట. అమెరికాలోని బోస్టను నగరమున 1908లో ఫ్రాంకు పార్సన్సు అను నాయన, యువకులు తమకు తగిన వృత్తి నెన్నుకొనుటలో సాయపడుటకై యొక కార్యాలయము నెలకొల్పెను. బడులలోని యీ పనికి అదియొక మొదలు. మన దేశమున 1952లో ఏర్పడిన ముదలియారు సంఘమును ఉన్నత పాఠశాలలలో మార్గదర్శకు లవసరమనియే చెప్పెను. చెప్పి డెబ్బదియేండ్లు దాటినవి.

నేనెరిగిన యొక పిల్ల కథ వినుడు. ఆమెది పత్తి పండించు నొక పల్లె. తొమ్మిదవ తరగతికి హాస్టలు గల బడిలో చేర్చిరి. చేర్చిన రెండు నెలలనుండి ప్రతి సోమవారము ఆమెకు కడుపునొప్పి. తల్లి వాము దంచి పంపెను, తండ్రి డాక్టరుకు చూపెను, రోగమేమియు కనబడలేదు. తుదకా పిల్ల యొక ఉపాధ్యాయురాలి చెంత చేరి మనసు విప్పెను. ఆదివారపు పరీక్ష మార్కులను సోమవారము అందరి యెదుట చదివి తక్కువ వచ్చినవారిని నిలువబెట్టుదురట. ఇంటిలోని అప్పునకు తన ఫీజే కారణమని తలచి రాత్రులు నిదుర పట్టదట. ఆ ఉపాధ్యాయురాలు చెడ్డది కాదు. జాలితోనే ఆ సంగతిని తోడి ఉపాధ్యాయులకు చెప్పెను. మరునాటికి తరగతియంతయు ఎరిగెను. "మీ నాన్నకు అప్పులటగా" అని తోడిపిల్లలడిగిరి. ఆనాటినుండి ఆమె యెవరితోను ఏమియు చెప్పుకొనలేదు. సంవత్సరాంతమున చదువు మానెను. సెలవులకు వచ్చినపుడు నాతో ఏదో చెప్పబోయినది; నేనును "అందరూ చదవడం లేదటే?" అని యొక్క మాటతో తేల్చివేసితిని. ఆ మాట నన్నిప్పటికిని బాధించుచున్నది.

ఆ పిల్లకు వినుటకు మనిషి దొరకెను గాని, వినిన మాటను కాపాడు ఏర్పాటు దొరకలేదు. కావున బడిలో మంచి మనసు గలవారుండుట చాలదు. ఒక పద్ధతియు, ఆ పద్ధతిని నడపు పెద్దయు ఉండవలెను.

ఇది కేవలము మన కోరిక కాదు. 2023లో విశాఖపట్టణమున ప్రవేశపరీక్షకు చదువుచుండి మరణించిన 17 ఏండ్ల బాలిక వ్యాజ్యములో, 2025 జూలై 25వ తేదీన సుప్రీముకోర్టువారు దేశమందలి విద్యాసంస్థల కన్నింటికిని నియమములు విధించిరి. నూరుగురు విద్యార్థులకు తక్కువ గాని ప్రతి సంస్థయు శిక్షణ గల కౌన్సెలరునో, మనస్తత్త్వవేత్తనో, సామాజిక కార్యకర్తనో యొకరినైనను నియమింపవలెను. చిన్న సంస్థలు బయటివారితో ఏర్పాటు చేసికొనవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు జట్లుగా విడదీయుట, బహిరంగముగా అవమానించుట మానవలెను. బోధించువారికిని, తక్కిన సిబ్బందికిని ఏటికి రెండుమారులు శిక్షణ యీయవలెను. తగిన చట్టము వచ్చువరకు ఈ నియమములే చెల్లునని తీర్పు.

నియమము కాగితముపై నున్నది. దానిని బడిలో నిలుపుట యెట్లు?

మొదటిది, బాధ్యత. కౌన్సెలరును నియమించినను ప్రధానోపాధ్యాయుల అండ లేనిచో ఆమె కాలమంతయు సెలవు పెట్టినవారి తరగతులను చూచుటకే చెల్లును. ఆమెకు దండించు పనిగాని, ఫీజు వసూలు పనిగాని, మార్కులు వేయు పనిగాని అప్పగింపరాదు. బెత్తము పట్టిన చేతికి పిల్లలు రహస్యమీయరు.

రెండవది, చోటును వేళయు. ఆ గది ప్రధానోపాధ్యాయుల గది ప్రక్కనుండరాదు. అటు పోయిన పిల్లను చూచి "ఏం తప్పు చేసిందో" అందురు. లోనివారు కనబడవలెను, మాట మాత్రము బయటికి వినబడరాదు. టైముటేబులులో దానికొక వేళ వ్రాసియుండవలెను. బాగుగా చదువు పిల్లలను కూడ అప్పుడప్పుడు పిలిచి మాటలాడినయెడల అచ్చటికి పోవుట నామోషీ కాదు.

మూడవది, రహస్యము. పిల్ల చెప్పినది స్టాఫు గదికి పోరాదు. వ్రాసికొనిన పుస్తకము తాళములో ఉండవలెను. అయితే "ఎవరికీ చెప్పను" అని యొట్టు పెట్టుటయు తగదు. పిల్ల ప్రాణమునకు అపాయమున్నచో ఇంటివారికిని వైద్యునికిని చెప్పితీరవలెను. పిల్లపై ఎవరైన లైంగిక దౌర్జన్యము చేసిరని తెలిసినచో 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము అధికారులకు తెలుపుట విధి. ఈ హద్దులను మొదటి దినముననే పిల్లకు చెప్పుట న్యాయము.

నాల్గవది, అందరికిని తెలిసిన వరుస. ఒంటరిగా కూర్చొనుట, తిండి మానుట, తరచుగా బడి ఎగగొట్టుట, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టుట మున్నగు మార్పులను తరగతి ఉపాధ్యాయుడు గాని హాస్టలు వార్డెను గాని మొదట కనిపెట్టును. వారు కౌన్సెలరుకు చెప్పవలెను. ఆమె అవసరమైనచో వైద్యునికి పంపవలెను. చచ్చిపోవలెనను తలంపు కలుగుచున్నదా యని మెల్లగా నడిగినచో లేని యూహ పుట్టునని కొందరు భయపడుదురు. అట్లు కాదు, అడుగుటవలన పిల్లకు గుండెబరువు దిగునని వైద్యులు చెప్పుచున్నారు. 2022 అక్టోబరునుండి నడచుచున్న టెలి మానస్ వారి 14416 నంబరు రేయింబవళ్ళు ఉచితముగా పలుకును, తెలుగులోనే మాటలాడవచ్చును. ఆపదలోనున్న పిల్లలకు 1098 కలదు. ఈ రెండు నంబర్లును బడి గోడపై పెద్ద అక్షరములతో నుండవలెను.

అయిదవది, మన నేల యెరిగిన పంచాంగము. 2022లో జిల్లాలు చీలి పల్నాడు, బాపట్ల వేరైనను పంటయొకటే, బాధయొకటే. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనము చేయగా గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను మాడ్చివేసెను. చేను పోయిన యింటి పిల్ల మరునాడు బడిలో ఎట్లు కూర్చుండును? కర్నూలు పడమటి మండలములనుండి కోతకు వచ్చు కుటుంబముల పిల్లలు నెలల తరబడి బడికి దూరమై, తిరిగి పోవునప్పటికి వెనుకబడి సిగ్గుపడుదురు. కావున కౌన్సెలరు పుస్తకములో పరీక్షల తేదీలే కాక కోతల నెలలు, ఫలితముల దినము, హాస్టలులో చేరిన తొలి వారములు గుర్తింపబడవలెను.

పల్లెలోని చిన్న బడికి ఇదియంతయు సాధ్యమా యందురేమో. 2020లో ఆరంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమమున బడికి ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక స్త్రీయు నొక పురుషుడును, ఆరోగ్య రాయబారులుగా శిక్షణ పొందవలెనని యున్నది. మీ బడిలో వారెవరో ముందు కనుగొనుడు. వారు వైద్యులు కారు. కాని తొలుత వినుటకు, తగినచోటికి పంపుటకు చాలుదురు.

ఇక మన వంతు. 2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలన్నింటను తల్లిదండ్రుల సమావేశములు జరిగినవి. ముఖ్యమంత్రిగారు బాపట్ల బడిలో కూర్చుండిరి. అట్టి సమావేశములలో మనము మార్కుల చీటీ పుచ్చుకొని లేచి వత్తుము. ఇకపై నాలుగు ప్రశ్నలడుగుదము: మా పిల్ల కష్టము వచ్చినపుడు ఎవరితో చెప్పుకొనవలెను? ఎక్కడ, ఏ వేళ? ఆ మాట ఎవరెవరికి తెలియును? అపాయమైనచో మాకెంతలో కబురు వచ్చును? ఈ నాలుగింటికి జవాబు లేని బడిలో ఫలకమెంత పెద్దదైనను కౌన్సెలింగు లేదనియే యెంచుడు.

గుంటూరున 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు శారదా నికేతనమును స్థాపించిన నాడు ఆడుపిల్లను బడికి పంపుటయే పోరాటము. ఆ పోరు చాలవరకు గెలిచితిమి. బడికి పోయిన పిల్ల గోడు వినబడుట నేటి పని.

నేను చెప్పిన పిల్ల ఇప్పుడు కుట్టుపని చేసికొనుచు, దూరవిద్యలో చదువు తిరిగి మొదలు పెట్టినది. మొన్న మా యింటికి వచ్చి "పిన్నీ, ఒక మాట చెప్పనా?" అనెను. పొయ్యిమీది పాలు దించి ఆమె యెదుట కూర్చుంటిని. ఈమారు ఆమె ముగించువరకు నేను నోరు మెదపలేదు.